అత్తయ్య కంటికి మొదటి నీళ్లు

మా అత్తగారు ఇలారియాకి కోపం తెప్పించాలంటే తిట్టనక్కర్లేదు, కుళాయి కింద గిన్నె పెట్టకుండా చేతులు కడుక్కుంటే చాలు. వంటింట్లో ఉన్నా, డాబా మీద బట్టలు ఆరేస్తున్నా ఆవిడకు ఎలాగో తెలిసిపోతుంది. "ఎవరే అక్కడ నది పారిస్తోంది?" అని కేక వేస్తుంది. మనిషి చూస్తే నా భుజం దాకా కూడా రాదు. గొంతు మాత్రం మా ఇస్తపలాపా కొండ దిగి, కింద బస్సులు ఆగే చోటు దాకా వినిపిస్తుంది.

నేను తబాస్కో పిల్లని. మా వైపు నీళ్లు పిలవకుండానే వస్తాయి. వానాకాలంలో నది ఇంట్లోకొచ్చి మంచాల కింద తిరిగి, దానికి బుద్ధి పుట్టినప్పుడు పోతుంది. మా అమ్మ దాన్ని తిట్టుకుంటూ చీపురుతో బయటికి నెట్టేది. అలాంటి ఇంట్లో పుట్టి, మెక్సికో నగరంలో గురువారం గురువారం మాత్రమే కుళాయి వచ్చే ఈ కొండ మీదికి కాపురానికొచ్చాను. ప్రేమించి చేసుకున్నావుగా, అనుభవించు అని మా అక్క ఇప్పటికీ ఫోన్‌లో దెప్పుతుంది.

కాపురానికొచ్చిన మర్నాడు, అదొక గురువారం, పొద్దున్నే నేను కుళాయి దగ్గర పళ్లు తోముకుంటున్నాను. అత్తయ్య వెనకనుంచి వచ్చి కుళాయి కట్టేసి నా చేతిలో గ్లాసు పెట్టింది.

"ఇందులో సగం చాలు. పుక్కిలించడానికి అంతకంటే ఎందుకు? నీదేమన్నా గుర్రం నోరా?"

"బ్రష్ కూడా కడగాలి కదండీ అత్తయ్యా."

"అదే గ్లాసులో ఆడించు. ఆడించి ఆ నల్ల బకెట్లో పొయ్యి. కాలువలో పోశావంటే నీ నోట్లోనే పోయిస్తా."

నేను కళ్లనీళ్లు పెట్టుకున్నాను. మా ఆయన అబుందియో చాటుగా నా పక్కకొచ్చి, "ఏడిస్తే ఏడువుగానీ మొహం మాత్రం మళ్లీ కడుక్కోకు, అమ్మ చూస్తుంది," అన్నాడు. ఆ ఇంట్లో నేను నవ్విన మొదటి నవ్వు అదే.

ఆ ఇంట్లో నీళ్లకు వరసలుంటాయి. మూత ఉన్న తెల్ల బకెట్లోవి మొదటి నీళ్లు. అవి తాగడానికి, వండడానికి. చిక్కుడు గింజలు, ఆకుకూరలు కడగ్గా వచ్చినవి రెండో నీళ్లు. అవి నీలం బకెట్లో పోసి, జిడ్డు గిన్నెల తొలి కడుగుకి, గోడ మీద డబ్బాల్లో ఉన్న జెరేనియం మొక్కలకి వాడాలి. బట్టలు జాడించినవి మూడో నీళ్లు. వాటితో ఇల్లు తుడవాలి. ఇల్లు తుడిచినవీ, మొహాలు కడిగినవీ, ఇంకెందుకూ పనికిరానివీ నల్ల బకెట్లో చేరి చివరికి మరుగుదొడ్డికి వెళ్తాయి. ఆ దొడ్డి దాకా చేరకుండా మధ్యలోనే కాలువలో కలిసిపోయిన నీళ్లంటే ఆవిడ లెక్కలో అకాల మరణం. నిజంగానే మొహం చిన్నబుచ్చుకుంటుంది.

ఇవి కాక చిల్లర చట్టాలు చాలా ఉన్నాయి. ఫ్లష్ తొట్టిలో ఇసక నింపిన సీసా ఒకటి ఎప్పుడూ నిలబడి ఉండాలి, తిప్పినప్పుడల్లా ఆ మేరకు నీళ్లు మిగలాలి. వేన్నీళ్ల కుళాయి తిప్పాక వేడి వచ్చేలోపు కారే చన్నీళ్లు గిన్నెలో పట్టాలి. తిన్న ప్లేటును తోర్తియా రొట్టె ముక్కతో అద్దంలా తుడుచుకు తినాలి, అప్పుడు కడగడానికి దోసెడు చాలు. ఒకసారి మా పెదమామగారు చుట్టపుచూపుగా వచ్చి ప్లేటులో పచ్చిమిరపకాయల పచ్చడి వదిలేసి లేస్తే, అత్తయ్య ఆయన్ని భుజం పట్టి కూర్చోబెట్టి ఇంకో తోర్తియా వేసింది. ఆయన తిన్నాడు. తినక ఏం చేస్తాడు?

అబుందియో ముచ్చటపడి బట్టలుతికే మిషన్ కొంటే, ఆవిడ దాని పైపును కాలువలోంచి పీకి డ్రమ్ములో పెట్టింది. మిషన్ తిరుగుతున్నంతసేపూ పక్కన కుర్చీ వేసుకుని కాపలా కూర్చుంది. మే నెలలో తొలి వాన పడితే ఇంకా సంబరం. ప్లాస్టిక్ పట్టా నెత్తిన కప్పుకుని చీపురుతో డాబా ఎక్కుతుంది. ముందొచ్చే వానతో డాబా మీద మురికంతా తోసేసి, ఆ తర్వాత గొట్టాన్ని సంపులోకి తిప్పుతుంది. కిందికి దిగేటప్పటికి నిలువెల్లా తడిసి, పెళ్లికొచ్చిన మనిషిలా వెలిగిపోతూ ఉంటుంది.

పక్కింటి రుఫీనా అత్తయ్యని 'దోన్యా', అంటే పెద్దమ్మగారూ, అని పిలుస్తుందేగానీ ఇద్దరికీ ఎప్పుడూ పడదు. గురువారం కుళాయి రాగానే రుఫీనా పైపు పట్టుకుని వాకిలి ముందు కాలిబాట అంతా కడుగుతుంది. అత్తయ్య మా గుమ్మంలో నిలబడి చూస్తుంది.

"ఏమే రుఫీనా, సిమెంటు నాటావా? మొలకలొచ్చాయా?"

"నా వాకిలి నా ఇష్టం దోన్యా ఇలారియా. మీలాగా ఆకుకూర కడిగిన నీళ్లకి పుట్టినరోజులు చెయ్యలేను."

"చెయ్యకు తల్లీ. బుధవారానికి నా తలుపు తట్టకు, అది చాలు."

బుధవారానికి రుఫీనా తలుపు తట్టనే తడుతుంది. అత్తయ్య తిట్టుకుంటూనే ఒక బకెట్ ఇస్తుంది. ఇచ్చేదీ మొదటి నీళ్లే. సంపు మూతకు తాళం ఉంది, ఆ తాళంచెవి గ్వాదలూపే మాత పతకంతోపాటు ఆవిడ మెడలోనే ఉంటుంది. ఎవరికి నీళ్లు కావాలన్నా ఆ మెడ ముందు నిలబడాల్సిందే.

స్నానాలకీ ఒక వరస ఉంది. అబుందియో బస్సు నడుపుతాడు, తెల్లారేసరికి బండెక్కాలి కాబట్టి ముందు అతను. తర్వాత నేను. తర్వాత మా అమ్మాయి సిత్లాలి. ప్లాస్టిక్ తొట్టిలో నిలబడి చెంబుతో పోసుకోవాలి, పడిన నీళ్లన్నీ తొట్టిలోనే ఉండాలి. అందరం అయ్యాక, సిత్లాలి తొట్టి నీళ్లతో అత్తయ్య స్నానం చేస్తుంది. "పసిదాని ఒంటి నీళ్లు, వాటికేం? పాలతో సమానం," అంటుంది. అది ఆవిడ అలవాటు అని అందరం అనుకున్నాం. అబుందియోకైతే ఊహ తెలిసినప్పట్నుంచీ వాళ్లమ్మ ఆఖరునే. దాని గురించి ఇంట్లో ఎవరూ ఎప్పుడూ మాట్లాడలేదు.

ఇక కంటి సంగతి చెప్పాలి. అత్తయ్య ఎడమ కన్ను చిన్నప్పుడే పోయింది. పొలంలో మొక్కజొన్న ఆకు కోసుకుందట. బతుకంతా కుడికంటితోనే లాక్కొచ్చింది. నిరుడు ఎండాకాలంలో ఆ కుడికంటికి శుక్లం ముదిరింది. చెంబులోకి పోయాల్సిన నీళ్లు పక్కన పోసేసి, తనను తానే తిట్టుకుంటూ గుడ్డతో అద్ది బకెట్లో పిండడం నేను చూశాను. ఆపరేషన్‌కి ఆవిడ ఒప్పుకున్నది చూపు కోసం కాదని నా అనుమానం, ఒలికిపోతున్న నీళ్ల కోసమే.

ఆపరేషన్ బాగానే జరిగింది. మర్నాడు కట్టు విప్పి, చిన్నవయసు డాక్టరమ్మ జాగ్రత్తలు చెప్పింది. వంగకూడదు, బరువెత్తకూడదు, మళ్లీ తను చూసేదాకా తలస్నానం కూడదు, రోజూ వేళకి చుక్కలు వేసుకోవాలి.

"చుక్కలు వేసే ముందు ప్రతిసారీ సబ్బుతో, శుభ్రమైన పారే నీళ్లతో చేతులు కడుక్కోవాలమ్మా. అది మర్చిపోతే చీము పడుతుంది. మీకున్నది ఒక్క కన్ను."

"పారే నీళ్లంటే?"

"కుళాయి కింద, అమ్మా."

"మా కుళాయి గురువారం పారుతుంది. ఇవాళ మంగళవారం."

డాక్టరమ్మ నవ్వింది. ముసలమ్మ సరదాగా మాట్లాడుతుందని అనుకున్నట్టుంది. అత్తయ్య నవ్వలేదు.

ఇంటికొచ్చాక స్నానాలగది గుమ్మం పక్కన స్టూలు వేసి, ఆవిడ వంగే పని లేకుండా దాని మీద తెల్ల బకెట్ నిండా మొదటి నీళ్లు పెట్టాను. పక్కనే సబ్బు, చెంబు పెట్టాను. చుక్కలు నేను వేస్తానంటే ఒప్పుకోలేదు.

"నువ్వు మిషన్ మీద యూనిఫారాలు కుట్టుకో. నా కన్ను, నా చెయ్యి. నాకు తెలియదా నా కన్నెక్కడుందో?"

"చేతులు కడుక్కుని వేసుకోండి మరి. పైనుంచి పోసుకోవాలి. ముంచి తుడుచుకోవడం కాదు."

"నాకు చేతులు కడుక్కోవడం నేర్పించడానికి తబాస్కో నుంచి వచ్చావా నోయెమీ?"

వేళ అయినప్పుడల్లా ఆవిడ గోడ పట్టుకుని స్టూలు దగ్గరకు వెళ్లేది. నేను కుట్టుమిషన్ ఆపి చెవి ఒగ్గేదాన్ని. చెంబు మునిగిన చప్పుడు, నీళ్లు జారిన చప్పుడు వినిపించేవి. హమ్మయ్య, కడుక్కుంటోంది అనుకుని మళ్లీ మిషన్ తొక్కేదాన్ని. ఎంత బుద్ధిగా మాట వింటోందో అని మురిసిపోయాను కూడా.

గురువారం వచ్చింది, కుళాయి రాలేదు. మా కొండ మీద అలా జరిగినప్పుడు పొద్దున్నే అందరి గుమ్మాల్లోంచీ ఒకటే చప్పుడు, కుళాయి తిప్పితే వచ్చే ఈల. మధ్యాహ్నానికి ఆ ఈల కూడా ఆగిపోయింది. ట్యాంకర్ పంపిస్తామన్నారు, ఎప్పుడన్నది చెప్పలేదు. అత్తయ్య మెడలోంచి తాళంచెవి తీసి నాకిచ్చి సంపు చూసి రమ్మంది. అడుగున బకెట్ మునిగీ మునగనంత ఉంది. చెప్పాను.

"పిల్ల తాగడానికీ వంటకీ వస్తాయి," అంది. తాళంచెవి మళ్లీ వేసేసుకుంది.

శుక్రవారం పొద్దున్న ఆవిడ కన్ను ఎర్రగా ఉంది. "నిద్ర పట్టలేదు, అంతే," అంది. మధ్యాహ్నానికి రెప్ప వాచింది, కిటికీ వైపు చూడలేక మొహం తిప్పుకుంటోంది. ముందు నా చేతులతో నేనే చుక్కలు వేద్దామని సబ్బు తీసుకున్నాను. ఈపాటికి బకెట్ ఖాళీ అయి ఉంటుంది, తాళంచెవి అడగాలి అనుకుంటూ స్టూలు మీద తెల్ల బకెట్ మూత తీశాను. నిండుగా ఉంది. నేను మంగళవారం పెట్టిన నీళ్లు పెట్టినట్టే ఉన్నాయి.

మూత చేత్తో పట్టుకునే ఆవిడ మంచం దగ్గరకు వెళ్లాను.

"అత్తయ్యా, ఇది నిండుగా ఉందేంటి?"

"ఉంటే మంచిదేగా."

"మీరు చేతులు దేంతో కడుక్కుంటున్నారు?"

"నీళ్లతో."

"ఏ నీళ్లతో?"

ఆవిడ దుప్పటి అంచు సరిచేసుకుంది. "ఆ నీలం బకెట్లోవి. ఆకుకూర కడిగినవే. కూర తింటాంగా, విషమా ఏంటి?"

"మరి రోజూ నాకు పోసిన చప్పుడు వినిపించిందే."

"నీకు వినిపించాలనే పోశాను. తెల్ల బకెట్లో చెంబు ముంచి ఎత్తి, మళ్లీ అందులోనే పోశాను. లేకపోతే నువ్వు ఊరుకుంటావా?"

కోడలి చెవులకు చప్పుడు పోసి, నీళ్లు దాచుకుంది. ఇలాంటి మోసం ఈ కొండ మీద తప్ప ఇంకెక్కడా ఎవరికీ తట్టదు. నాకు నవ్వు రాలేదు. ఆ క్షణాన ఆ బకెట్ ఎత్తి గోడకేసి కొట్టాలనిపించింది, అందులో ఉన్నవి మొదటి నీళ్లు కాబట్టి కొట్టలేదు.

అబుందియోకి ఫోన్ చేశాను. బస్సులో ఉన్నవాళ్లను మధ్యలోనే దింపేసి, కాళ్లావేళ్లా పడి వాళ్లతో తిట్లు తిని, ఖాళీ బస్సు కొండ మీదికి తెచ్చాడు. అందులోనే ఆసుపత్రికి తీసుకెళ్లాం. డాక్టరమ్మ చాలాసేపు లైటు వేసి చూసింది. ఈసారి నవ్వలేదు.

"చీము పట్టే దారిలో ఉంది. గంట గంటకీ ఈ కొత్త చుక్కలు పడాలి. వేసే ప్రతిసారీ వేసేవాళ్ల చేతులూ ఈవిడ చేతులూ సబ్బుతో శుభ్రంగా కడగాలి, ఎందుకంటే ఈవిడ కన్ను నలుపుకుంటున్నారు. సోమవారం రండి. తగ్గితే సరే. తగ్గకపోతే ఈ కన్ను దక్కుతుందని నేను మాటివ్వలేను."

తిరుగు దారి పొడుగునా అబుందియో గేరు మార్చినప్పుడల్లా ముక్కు ఎగపీల్చడం వినిపించింది.

ఇంటికి రాగానే ఆవిడను మంచం మీద కూర్చోబెట్టి, ఒళ్లో ఖాళీ తొట్టి పెట్టి, తెల్ల బకెట్ దగ్గరకు లాక్కున్నాను. ఆవిడ రెండు చేతులూ వెనక్కి పెట్టేసుకుంది.

"వద్దు. సంపులో అడుగంటింది. పిల్ల తాగే నీళ్లు గంట గంటకీ నా చేతుల మీద పోస్తావా? నేను చూడాల్సినవన్నీ చూసేశాను. ఎడమది లేకుండా బతికాను, కుడిది లేకుండా బతకలేనా?"

అప్పుడు నాకు వచ్చిన కోపం ఆ ఇంట్లో అంతకుముందు ఎప్పుడూ రాలేదు.

"బతుకుతారు. మేం బతకద్దా? మీ కన్ను పోతే సంపులో నీళ్లెంతున్నాయో చూసేదెవరు? రుఫీనా పైపు పట్టుకుంటే చూసేదెవరు? వాన మబ్బు ఎటునుంచి వస్తుందో డాబా ఎక్కి చెప్పేదెవరు, మీ అబ్బాయా? అతను గొడుగు మర్చిపోయే మనిషి. సరే, పోనివ్వండి. ఇప్పుడే చెప్పేస్తున్నా. మీ కన్ను పోయిన మర్నాడు నేను కుళాయి పూర్తిగా తిప్పి, దాని కింద నిలబడి పళ్లు తోముకుంటాను. గ్లాసు లేకుండా."

ఆవిడ మొహం నా వైపు తిప్పింది.

"అంత పని చేస్తావా?"

"చేస్తాను. తబాస్కో దాన్ని."

"నీళ్లెక్కడికి పోతాయి? ఇప్పుడు పోసేవి?"

"ఎక్కడికీ పోవు. ఇదిగో, మీ ఒళ్లో తొట్టిలో పడతాయి. తొట్టి నిండితే సిత్లాలి గౌన్లు నానేస్తాను. ఆ నీళ్లతో ఇల్లు తుడుస్తాను. తుడిచినవి నల్ల బకెట్లో పోస్తాను. రోజూ ఎలా నడుస్తాయో అలాగే నడుస్తాయి. ఇన్నాళ్లూ వరస వంటింట్లో మొదలయ్యేది, ఇవాళ మీ చేతుల దగ్గర మొదలవుతుంది."

ఆవిడ పెదాలు కదుపుతూ ఆ దారంతా మనసులో ఒకసారి నడిచి వచ్చింది. ఎక్కడా కారిపోయే చోటు దొరకలేదు.

"సబ్బు ఉంటుంది. మొక్కలకు పొయ్యకు."

"పొయ్యను."

అప్పుడు చేతులు ముందుకు చాపింది. నేను చెంబుతో పైనుంచి సన్నగా పోశాను. సబ్బు రాసి, ఒక్కో వేలూ పట్టుకుని రుద్దాను. ఎన్నో బకెట్లు మోసిన చేతులు, వేళ్ల కణుపులు ముడులు పడి ఉన్నాయి. నీళ్లు పడినప్పుడల్లా ఆవిడ చేతులు బిగించుకుంటోంది.

"చల్లగా ఉన్నాయా అత్తయ్యా?"

"లేదు. అలవాటు లేదు."

"ఏది?"

"ఈ నీళ్లు. వంటకి ముంచుతాగానీ ఒంటికి పోసుకోనుగా."

నేను చెంబు ఆపాను. "పోసుకోకపోవడమేంటి? ఎప్పుడూనా?"

"మా పుట్టింట్లో అన్నదమ్ముల స్నానాలయ్యాక ఆ నీళ్లతోనే మేం ఆడపిల్లలం చేసేవాళ్లం. ఇక్కడికొచ్చాక మీ మామగారు ఇటుకల పనికి వెళ్లేవారు, ముందు ఆయన. తర్వాత అబుందియో. తర్వాత నువ్వొచ్చావు, పిల్లొచ్చింది."

"అంటే బతుకంతా మొదటి నీళ్లతో ఒక్కసారి కూడా స్నానం చెయ్యలేదా మీరు?"

"వానలో తడిశానుగా," అంది, నేనేదో తనను తక్కువ చేసినట్టు. "చాలాసార్లు తడిశాను."

గుమ్మంలో నిలబడ్డ అబుందియో గిరుక్కున తిరిగి డాబా మీదికి వెళ్లిపోయాడు. ఏడిస్తే నా చేతులు మళ్లీ కడుక్కోవాలని ఏడవలేదు. చుక్కలు వేశాను.

ఆ రెండు రోజులూ ఇల్లంతా ఆ గంటల చుట్టూనే తిరిగింది. అబుందియో, నేను తడిగుడ్డతో ఒళ్లు తుడుచుకుని సరిపెట్టుకున్నాం. పొడి రొట్టెల మీద ఉప్పు చల్లుకుని తిన్నాం, గిన్నెలు పడకుండా. సిత్లాలికి మాత్రం వాళ్ల నానమ్మ చేతులు కడగడం కొత్త ఆటలాగా ఉండేది, "నేను పోస్తా, నేను పోస్తా" అని వెంటపడేది. శనివారం సాయంత్రానికి సంపులో చెంబు గీరుకుంటోంది. అప్పుడు తలుపు చప్పుడైంది. చూస్తే రుఫీనా, మూత పెట్టిన బకెట్ రెండు చేతులా పట్టుకుని రొప్పుతోంది.

"దోన్యా ఇలారియా ఎక్కడ? ఇవి చేతులు కడగడానికి. మరిగించి చల్లార్చాను, నువ్వు నిన్న చెప్పావుగా."

అత్తయ్య మంచం మీదనుంచే అంది, "నీ దగ్గర నీళ్లెక్కడివే రుఫీనా? సిమెంటు మొలకలు వాడిపోవూ?"

"పోయిన వారం కాలిబాట కడగలేదు. ఆ గురువారం మీరు పరీక్షలకని ఆసుపత్రికి వెళ్లారు కదా, తిట్టేవాళ్లు లేకపోతే కడగబుద్ధి కాలేదు. మిగిలాయి."

"సరేలే. బుధవారం బకెట్లలో ఇదొకటి తగ్గించుకుంటా."

"తగ్గించుకోండి. కన్ను మాత్రం తెరవండి, మీకు చూపు లేనప్పుడు నేను పైపు పట్టుకుంటే ఊళ్లో బాగోదు."

రుఫీనా వెళ్లాక అత్తయ్య చాలాసేపు గోడ వైపు తిరిగి పడుకుంది. కన్ను తడి చేసుకోకూడదని గుర్తుచేశాను. "ఎవరు తడి చేసుకుంటున్నారు? నీ పని నువ్వు చూసుకో," అని కసిరింది.

ఆదివారం పొద్దున్నే ట్యాంకర్ కొండెక్కింది. ఆ ఇంజన్ మోతకు వీధంతా బయటికొచ్చింది. తాళంచెవి ఈసారి ఆవిడే మెడలోంచి తీసి నా మెడలో వేసింది. "పైపు సంపులోకి పూర్తిగా దించు, పైనుంచి వదిలితే చిమ్ముతాయి," అంది.

సోమవారం డాక్టరమ్మ లైటు వేసి చూస్తున్నంతసేపూ నేను, అబుందియో ఒకరి చెయ్యి ఒకరం నలిపేసుకున్నాం. ఎరుపు తగ్గింది. చీము ఆగింది. కన్ను నిలబడుతుందని చెప్పింది, ఇంకా కొన్నాళ్లు చుక్కలూ జాగ్రత్తలూ తప్పవంది. చూపు తేటపడుతున్న కొద్దీ అత్తయ్య మంచంలోంచే ఒక్కొక్కటీ కనిపెట్టడం మొదలెట్టింది. నీలం బకెట్ పక్కన తడి, జెరేనియం ఆకు మీద దుమ్ము, నా తలలో ఒక తెల్ల వెంట్రుక. అన్నీ గట్టిగా చెప్పింది. నాకు అంత ఇంపైన తిట్లు ఇంకెప్పుడూ వినిపించలేదు.

తర్వాత మళ్లీ చూసినప్పుడు ఇక తలస్నానం చేయొచ్చని డాక్టరమ్మ అంది. ఆ సాయంత్రం నేను నీళ్లు గోరువెచ్చగా కాచి, ఖాళీ తొట్టి కడిగి స్నానాలగదిలో పెట్టాను. దాని పక్కన స్టూలు మీద తెల్ల బకెట్ నిండా పోసి ఉంచాను. అబుందియో బస్సు దిగి చెమటలు కక్కుతూ వచ్చి కూర్చున్నాడు. సిత్లాలి బడి దుమ్ముతో తిరుగుతోంది. నేను వాళ్లిద్దరినీ దాటి వెళ్లి అత్తయ్యను పిలిచాను.

"రండి, స్నానానికి."

ఆవిడ గుమ్మం దాకా వచ్చి లోపలికి తొంగిచూసింది. ఇప్పుడు ఆ కంటికి బాగా కనిపిస్తోంది కదా. "తొట్టి ఖాళీగా ఉంది. ఎవరూ చెయ్యలేదా?"

"లేదు."

"పిల్లని చెయ్యమను మరి. వాడు చూడు, చెమటతో నానిపోయి ఉన్నాడు."

"ముందు మీరే. మొదటి నీళ్లతోనే చెయ్యాలని డాక్టరమ్మ చెప్పింది."

డాక్టరమ్మ ఆ మాటే అనలేదు. అత్తయ్య నా మొహంలోకి, కొత్త కంటితో, తీరిగ్గా చూసింది.

"ఈ డాక్టరమ్మకి నీ నోరే వచ్చిందేంటే?"

నేను తువ్వాలు ఆవిడ భుజం మీద వేసి తలుపు దగ్గరకు వేశాను. ఎప్పుడూ చిటికెలో వచ్చే మనిషి, ఆ రోజు సిత్లాలికి అన్నం పెట్టి, పాఠం చెప్పి, జడ విప్పేదాకా రాలేదు. లోపల ఏం జరిగిందోనని అబుందియో రెండుసార్లు లేచి కూర్చున్నాడు. చివరికి తలుపు తీసుకుని బయటికొచ్చింది. తెల్ల జుట్టు వీపు నిండా పరుచుకుని కారుతోంది. కారే చుక్కలు పోకుండా తువ్వాలు కింద పట్టుకుని ఉంది. కాస్త అయోమయంగా ఉంది మొహం. తన ముంజేతిని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది.

"అమ్మాయ్, ఒళ్లంతా పోసుకున్నా ఎవరి వాసనా రాలేదే," అంది.

నాకు ఏడుపు ఆగలేదు. ఆవిడ నన్ను పట్టించుకోలేదు. కొడుకు వైపు తిరిగి, "నీళ్లు ఇంకా గోరువెచ్చగానే ఉన్నాయిరా, తొట్టి ఒలకబొయ్యకుండా దిగు," అంది. అబుందియో తువ్వాలు తీసుకుని లోపలికి వెళ్లాడు. వాళ్లమ్మ చేసిన నీళ్లతో అతను స్నానం చెయ్యడం అదే మొదటిసారి.